ముక్కక్కకు వచ్చిన మాడు వాసన

ఆ మధ్యాహ్నం రెండో వాయి రొట్టెలు పాలిపోయి బయటికొచ్చాయి.

పిండి బల్ల దగ్గరున్న, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన ఒక రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. అడుగున వేలితో తట్టి చూసి మళ్ళీ ట్రేలో పెట్టేశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయనా, పొయ్యి చూసే ముక్కక్కా ఒకే గదిలో పనిచేస్తున్నారు. ఆమె పొయ్యిలోంచి పచ్చి రొట్టె తీయడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఇంకో ఎనిమిది నిమిషాలు ఉండాలి కదమ్మాయ్," అన్నాడు.

"మాడిపోతోంది బాబాయ్. మీకు రావట్లేదా వాసన?"

"నాకు పచ్చిపిండి వాసనే వస్తోంది."

ఆమె పొయ్యి తలుపు మళ్ళీ తెరిచి లోపలికి తొంగి చూసింది. ఎక్కడా ఒక్క తునక కూడా మాడలేదు. వాసన మాత్రం ముక్కుపుటాల్లో గుచ్చుకున్నట్టుంది. రబ్బరూ చక్కెరా కలిపి కాల్చినట్టు. నిమిషం తర్వాత ఎవరో స్విచ్చి ఆపినట్టు పోయింది. అప్పుడు మాత్రం గదిలో నిజంగానే పచ్చిపిండి వాసన వస్తోంది.

ఆ బేకరీలో ఆమెను ఎవరూ పేరుతో పిలవరు. ముక్కక్క అంటారు. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో మొహమాటపడతారు గానీ వారం తిరక్కుండానే వాళ్ళకూ అదే అలవాటవుతుంది. పొయ్యికున్న గడియారం ఎప్పుడో పాడైపోయింది. "గడియారం ఎందుకండీ, ముక్కక్క ఉండగా," అని ఓనరు దాన్ని బాగుచేయించనే లేదు. గది అవతల ట్రేలు కడుగుతూ ఉన్నా సరే, పొయ్యిలో రొట్టెకు రంగు తిరుగుతున్న సంగతి ఆమెకు తెలిసిపోతుంది. వెన్న పాడవబోతోందని ఒకరోజు ముందే చెబుతుంది.

ఇంట్లోనూ ఆమెకు అలాంటి పేరే ఉంది. అయితే అది ముక్కు వల్ల రాలేదు. కూతురు కడుపులో ఉండగా ఎనిమిదో నెలలో ఒకరోజు బిడ్డ కదలిక మారిందనిపించి ఆస్పత్రికి వెళ్ళింది. అంతా బాగానే ఉంది, ఇంటికి వెళ్ళమన్నారట. ఆమె కదలకుండా వరండాలో కూర్చుందట. సాయంత్రం మళ్ళీ చూసి, గంటలో బిడ్డను బయటికి తీశారట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారట. ఈ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆమె భర్త, వచ్చినవాళ్ళందరితో, "మా ఇంటికి పెద్ద డాక్టరు మా ఆవిడ ఒళ్ళేనండీ," అంటుంటాడు. ఎవరికి జ్వరం వచ్చినా, కడుపులో నొప్పి వచ్చినా ముందు ఆమె అరచెయ్యి వేసి చూస్తుంది. "ఇది రేపటికి పోతుంది," అంటే పడుకుంటారు. "ఇది పోయేలా లేదు," అంటే ఆస్పత్రికి బయల్దేరతారు.

అందుకే మాడు వాసన మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని ఆమె తేలిగ్గా తీసుకోలేకపోయింది.

రెండోసారి బస్సులో వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని ఉంటే కడుపులో ఏదో లిఫ్టు ఎక్కినట్టు పైకి లేచింది, వెంటనే వాసన. ఎదుటి సీట్లో ఉన్నాయన పేపరు మడతపెట్టడం, డ్రైవరు హారన్ కొట్టడం, అంతా ఇంతకుముందే ఒకసారి జరిగినట్టు అనిపించింది. తర్వాత ఏం జరుగుతుందో కూడా నాలుక చివర ఉన్నట్టే ఉంది. కానీ అది చెప్పేలోపే అంతా సద్దుమణిగింది. మూడోసారి వంటింట్లో. భర్త స్విచ్చిబోర్డులన్నీ విప్పి చూశాడు. ఫ్రిజ్ వెనక్కి దూరి, ముఖం నిండా బూజుతో బయటికి వచ్చాడు.

"వైర్లన్నీ బాగానే ఉన్నాయి. నువ్వు చెబుతున్నావు కాబట్టి ఎక్కడో ఉండే ఉంటుంది," అన్నాడు.

ఆయన నమ్మకం చూస్తే ఆమెకు ఇంకా భయమేసింది.

వీధి చివర క్లినిక్‌లో డాక్టరు కుర్రవాడు. ఓపికగా విన్నాడు. ముక్కులోకి లైటు వేసి చూశాడు, రక్తం తీయించాడు, గుండె పరీక్ష చేయించాడు, తలకు మామూలు స్కాన్ కూడా రాశాడు. అన్నీ వచ్చాక కాగితాలు ఆమె వైపు తిప్పి, ఒక్కో అంకె మీద పెన్ను పెట్టి చూపించాడు.

"అన్నీ బాగున్నాయమ్మా. ఈ వయసులో ఒంట్లో మార్పులు వస్తుంటాయి. రోజంతా పొయ్యి దగ్గర ఉంటారు, పని ఒత్తిడి ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. ఎంత పట్టించుకుంటే అంత ఎక్కువవుతుంది."

"మరి వాసన వస్తోంది కదా బాబూ."

"వస్తున్నట్టు అనిపిస్తోంది," అన్నాడాయన మెల్లగా.

ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆలోచించింది. ఇన్నేళ్ళూ తనకు వచ్చిన వాసనలన్నీ వచ్చినవా, వచ్చినట్టు అనిపించినవా? వెన్న సంగతి? రొట్టె రంగు సంగతి? ఏమీ లేదన్నందుకు ఊపిరి తేలికపడింది. ఏమీ లేదన్నందుకే మనసు పీకుతోంది కూడా. ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో ఆమెకు అంతుపట్టలేదు.

చివరికి డాక్టరు మాటే వినాలని గట్టిగా నిర్ణయించుకుంది. చదువుకున్నవాడు, అన్ని పరీక్షలూ చేసినవాడు. వాసన వస్తే రానీ. చేతిలో పని ఆపకూడదు.

పన్నెండు రోజులు అలాగే నెట్టుకొచ్చింది. నాలుగుసార్లు వాసన వచ్చింది. నాలుగుసార్లూ పళ్ళు బిగించి ట్రేలు లెక్కపెడుతూ నిలబడింది. రొట్టెలన్నీ బాగానే వచ్చాయి. ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు. బాబాయ్ కూడా, "గాలి మార్పు అయ్యుంటుందిలే," అన్నాడు.

పదమూడో రోజు వాసన వచ్చింది. ఆమె పిండి ముద్దల మీద గాట్లు పెడుతోంది. వాసన పెరిగింది. ఆమె గాట్లు పెడుతూనే ఉంది. కళ్ళు మండాయి. ఇది కూడా అనిపించడమే కాబోలు అనుకుంది.

"అమ్మాయ్, పొగ!" అని బాబాయ్ అరిస్తేగానీ తలెత్తలేదు.

ట్రేలు పట్టుకునే మందపాటి గుడ్డ పొయ్యి అంచు మీంచి జారి మంట దగ్గర పడింది. అది రాజుకుని పక్కనున్న పిండి సంచి అంచు నల్లబడుతోంది. బాబాయ్ బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. ఒక వాయి రొట్టెలు పాడయ్యాయి తప్ప ఇంకేం జరగలేదు. కానీ ఆ గుడ్డకు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నది ముక్కక్క. ఓనరు వచ్చి తడిసిన నేలనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"వాసన రాలేదా అక్కా?"

"వచ్చింది."

"మరి?"

ఆమె తడిసిన గుడ్డను ఎత్తి బకెట్టులో వేసింది. లేనప్పుడు వచ్చిందని రొట్టెలు తీసేస్తే తప్పయింది. వచ్చినప్పుడు లేదనుకుంటే కొంప మునిగేంత పనైంది. రెండు వాసనలకూ తేడా కనిపెట్టలేకపోయింది. ఇరవై రెండేళ్ళ పనిలో ఇది ఆమెకు మొదటిసారి.

ఈసారి కూతురు పట్టుబట్టి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం ఆ పిల్లది. ఎవరినైనా మాటల్లో పెట్టి లైన్లో ముందుకు వెళ్ళగలదు. నరాల డాక్టరు ముక్కక్కకంటే పెద్దావిడ. కాగితాలు చూడకుండా ముందు అడిగింది.

"వాసన రాబోయే ముందు ఏమవుతుంది?"

"కడుపులో లిఫ్టు ఎక్కినట్టుంటుందండీ."

"చుట్టూ జరిగేది ముందే జరిగినట్టు అనిపిస్తుందా?"

ముక్కక్క కుర్చీ అంచుకు జరిగింది. ఆ సంగతి తను ఎవరికీ చెప్పలేదు. పిచ్చనుకుంటారని భర్తకు కూడా చెప్పలేదు.

తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు. కాగితం మీద గీతలన్నీ శుభ్రంగా ఉన్నాయి. తర్వాత ఇంకో రకం స్కాన్, పెద్ద గొట్టంలో పడుకోబెట్టి చేసేది తీశారు. అందులో మెదడుకు ఒక పక్క, చెవికి కాస్త పైన, కందిగింజంత మచ్చ కనిపించింది. పాత మచ్చ కావచ్చట. పుట్టినప్పటినుంచీ ఉన్నదీ కావచ్చట. ప్రమాదకరమైనదిలా లేదు గానీ అక్కడ అప్పుడప్పుడు చిన్న ఫిట్స్ లాంటివి వస్తున్నట్టున్నాయని, ఆ వాసన అదేనని డాక్టరమ్మ చెప్పింది.

"అయితే నా ముక్కు బాగానే ఉన్నట్టా, లేనట్టా?"

"ముక్కు బాగుంది. ఏదో తేడాగా ఉందని మీ ఒళ్ళు చెప్పింది నిజమే. ఆ తేడా బయట ఉందని మీరనుకున్నారు."

"మరి తీగల పరీక్షలో ఏమీ లేదన్నారు?"

"ఆ అరగంటలో ఏమీ జరగలేదు, అంతే. మచ్చ ఉంది కాబట్టి వాసన దాని వల్లేనని నేననుకుంటున్నాను. నూటికి నూరు అని మాత్రం చెప్పను. ఈ బిళ్ళలు వాడండి, తగ్గితే అదే అనుకుందాం. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. కొన్నాళ్ళు పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడొద్దు."

అంత పెద్ద డాక్టరు కూడా 'అనుకుందాం' అనడం ముక్కక్కకు రుచించలేదు. చిన్న డాక్టరు ఖాయంగా చెప్పాడు, తప్పయింది. ఈవిడ సరిగ్గానే చెబుతున్నట్టుంది, కానీ ఖాయంగా చెప్పడం లేదు. దారిలో కూతురితో, "ఇద్దరినీ కలిపి ఒక డాక్టరు చేస్తే బాగుండును," అంది. ఆ పిల్ల నవ్వి, మళ్ళీ తల్లి ముఖం చూసి నవ్వు ఆపేసింది.

బిళ్ళలు మొదలుపెట్టాక వాసన పోయింది. దాంతోపాటు ఇంకేవేవో పోయినట్టు ఆమెకు అనిపించింది. పొద్దున లేస్తే తల తడిసిన దూదిలా ఉండేది. మాట్లాడుతుంటే మధ్యలో మాట జారిపోయేది. ఒకరోజు 'జల్లెడ' అన్న మాట గుర్తురాక, చేతులు ఊపి చూపిస్తే బాబాయ్ అందించాడు. అన్నిటికన్నా ఘోరం, రొట్టె ఎర్రబడేటప్పుడు వచ్చే ఆ తీపి వాసన దూరంగా, పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉండేది. ఓనరు కొత్త గడియారం కొనుక్కొచ్చి గోడకు కొట్టాడు. పొయ్యి దగ్గర ఆమె పక్కన ఒక కొత్త మనిషిని పెట్టాడు. ఆ అమ్మాయి గడియారం చూసి రొట్టెలు తీసేది. అవి బాగానే వచ్చేవి. అదే ముక్కక్కకు మింగుడుపడలేదు.

ఆరో వారంలో ఒక ఉదయం బిళ్ళ అరచేతిలో పెట్టుకుని నిలబడింది. వద్దు, వద్దు అని ఒళ్ళంతా చెబుతున్నట్టుంది. కూతుర్ని కాపాడింది ఈ ఒళ్ళే. దీని మాట వినకే గుడ్డ అంటుకుంది. మళ్ళీ వినకపోతే ఎలా? బిళ్ళను చెత్తబుట్టలో వేసి, నీళ్ళు మాత్రం తాగింది. భర్త అవతల గదిలో బూట్లు తొడుక్కుంటున్నాడు.

"వేసుకున్నావా?"

"ఆఁ."

తర్వాతి నాలుగు రోజులూ ఎన్నాళ్ళుగానో ఎరగనంత హాయిగా గడిచాయి. తల తేటపడింది. రొట్టె వాసన దగ్గరికి వచ్చింది. పోయిన మాటలు తిరిగొచ్చాయి, బాబాయ్‌తో హాస్యాలాడింది. వెన్న డబ్బా మూత తీయగానే, "ఇది ఎల్లుండికి పనికిరాదు," అంది. నా ఒళ్ళు నాకు తెలియదా అనుకుంది. డాక్టరమ్మకు ఏమని చెప్పాలో కూడా మనసులో మాటలు కూర్చుకుంది.

అయిదో రోజు పదకొండు గంటలకు ఆమె ట్రే పట్టుకుని ఉండగా ఏ వాసనా రాలేదు. కడుపులో లిఫ్టు కదల్లేదు. ఏ హెచ్చరికా లేకుండా నేల మీద పడి ఉంది. కళ్ళు తెరిచేసరికి పైన బాబాయ్ ముఖం, పక్కన ఏడుస్తున్న కొత్తమ్మాయి ముఖం కనిపించాయి. నాలుక తెగి నోట్లో రక్తం. కుడి ముంజేయి మీద వేడి ట్రే అంచు పడి, జానెడు మేర చర్మం లేచిపోయింది. మధ్యలో నాలుగు నిమిషాలు ఏమయ్యాయో ఆమెకు తెలియదు.

ఆస్పత్రిలో చేతికి కట్టు కట్టారు. బిళ్ళలు ఆపారా అని నర్సు అడిగితే, భర్త, "లేదండీ, రోజూ వేసుకుంటోంది," అన్నాడు. ముక్కక్క గోడ వైపు తిరిగింది. ఆయనకు అర్థమైంది. నర్సు వెళ్ళేదాకా ఆగాడు.

"నన్ను రోజూ అడగనిచ్చి, రోజూ 'ఆఁ' అన్నావు."

"బిళ్ళలు పడట్లేదని ఒళ్ళు చెప్పిందండీ."

"పడబోతున్నావని చెప్పిందా మరి?"

 ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత, చెప్పాలా వద్దా అని తేల్చుకోలేని మనిషిలా మెల్లగా మొదలుపెట్టాడు.

"పిల్ల పుట్టిన రోజున జరిగింది నీకు ఎంతవరకు గుర్తుంది?"

"అంతా గుర్తుంది. ఇంటికి పొమ్మన్నారు. నేను వరండాలో కూర్చున్నాను."

"పొమ్మనలేదు. గుండె చప్పుడు సరిగా అందలేదు, సాయంత్రం మళ్ళీ చూడాలి, ఇంటికెళ్ళి తిని రండి అన్నాడు డాక్టరు. బస్సెక్కి దిగే ఓపిక లేదని నువ్వు అక్కడే కూర్చుంటానన్నావు. సాయంత్రం ఆయనే వచ్చి పిలిచాడు."

"మరి ఇన్నాళ్ళూ మీరే కదా అందరికీ అలా చెప్పారు?"

"మొదట మా అమ్మకు చెప్పేటప్పుడు కాస్త పెంచి చెప్పాను. నువ్వంటే గొప్పగా అనుకోవాలని. తర్వాత నువ్వూ అలాగే చెప్పడం మొదలుపెట్టావు. నాకూ అదే నిజమనిపించేది. ఇప్పుడు చూస్తే..." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కదలిక మారిందని బయల్దేరదీసింది మాత్రం నువ్వే. అది నేను కల్పించలేదు."

ముక్కక్క ఆ వరండాను గుర్తు తెచ్చుకోవాలని చూసింది. బల్ల, ఎదురుగా పచ్చరంగు తలుపు, తన మొండితనం, అన్నీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. డాక్టరు 'ఇంటికి పొండి' అన్న ముఖం కూడా స్పష్టంగా ఉంది. ఆ ముఖం ఎక్కడినుంచి వచ్చింది? భర్త అబద్ధం చెబుతున్నాడా, తన తల చెబుతోందా, చెవి మీద ఉన్న ఆ కందిగింజ చెబుతోందా? కోపం తెచ్చుకుందామనుకుంది. ఎవరి మీద తెచ్చుకోవాలో తేలలేదు. కట్టు కింద చెయ్యి భగభగ మండుతోంది. ఆ మంట ఒక్కటే అనుమానం లేనిదిగా ఉంది.

డాక్టరమ్మ వచ్చి అంతా విన్నది గానీ తిట్టలేదు. తిడితే బాగుండునని ముక్కక్కకు అనిపించింది. "మగతగా ఉందని వచ్చి చెప్పాల్సింది. మందు మార్చేదాన్ని," అంది. "ఒళ్ళు పడట్లేదని చెప్పింది, అదీ నిజమే. కానీ ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో దానికి తెలియదు. అది నాకు తెలుసు. నాకు తెలియనివి మీరు చెప్పండి."

"ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో ఎలా తెలుస్తుందండీ?"

"అన్నీ చెప్పండి. వదిలేయాల్సినవి నేను వదిలేస్తాను. నేనూ ఒక్కోసారి తప్పుగా వదిలేస్తాను," అని చేతి కట్టు సరిచేసి వెళ్ళిపోయింది.

కొత్త బిళ్ళలు కాస్త నయం. మగత తగ్గింది. వాసన రెండు నెలల్లో ఒక్కసారి వచ్చింది. అది పొయ్యిదా, తలదా అని బాబాయ్‌ని అడిగితే, "నాకు జలుబు చేసిందమ్మాయ్," అన్నాడాయన. కొత్తమ్మాయిని అడగాల్సి వచ్చింది. ముక్కక్క ఇప్పుడు పిండి బల్ల దగ్గర పనిచేస్తోంది. పొయ్యి దగ్గరికి ఎప్పుడు పోవచ్చో డాక్టరమ్మ ఇంకా చెప్పలేదు. "ఎలా ఉంది అక్కా?" అని ఓనరు అడిగితే ఇదివరకైతే తడుముకోకుండా చెప్పేది. ఇప్పుడు పిండి పిసకడం ఆపి, లోపలికి చెవి పెట్టి, ఏమీ తేల్చుకోలేక, "ఉన్నానండీ," అంటుంది.

ఒక సెలవురోజు ఉదయం కూతురు పక్క మీంచి లేవలేదు. కడుపులో కుడిపక్కన నొప్పి అంది. అలవాటుగా తల్లి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టుకుంది. ముక్కక్క అరచేత్తో నొక్కి చూసింది. వెచ్చగా, మెత్తగా ఉంది. రేపటికి పోతుందనిపించింది. ఆ వెంటనే పోదనిపించింది. రెండూ ఒకే గొంతుతో వినిపించాయి.

"ఏంటమ్మా, చెప్పు."

"తెలీట్లేదే."

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. నొప్పి కన్నా ఆ మాటకే ఎక్కువ భయపడినట్టుంది. ఇద్దరూ వీధి చివర క్లినిక్‌కే వెళ్ళారు. ఆ కుర్ర డాక్టరు ముక్కక్కను గుర్తుపట్టాడు. చేతి మీద మచ్చ చూసి ఏమైందని అడిగాడు. చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. పెన్ను మూత తీస్తూ పెడుతూ, "నేను పెద్ద డాక్టరు దగ్గరికి పంపించి ఉండాల్సిందమ్మా," అన్నాడు. కూతుర్ని రెండుసార్లు పరీక్షించాడు. రక్తం తీయించాడు, పొట్ట స్కాన్ చేయించాడు. మామూలు నొప్పే, పేగు కాస్త వాచింది, రెండు రోజుల్లో పోతుందన్నాడు. ముక్కక్క ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఆయన అన్నిటికీ బదులిచ్చాడు. ఒకదానికి మాత్రం, "అది చెప్పలేనమ్మా, నొప్పి పెరిగితే వెంటనే రండి," అన్నాడు.

నొప్పి పెరగలేదు. మర్నాటి సాయంత్రానికి మిగిలిందల్లా కాస్త నీరసం. మందులు తెచ్చుకోవడానికి ఇద్దరూ బయల్దేరి బస్సు స్టాపులో కూర్చున్నారు.

"ఇదివరకు నువ్వు చెయ్యి వేయగానే చెప్పేదానివి," అంది కూతురు.

"అప్పుడు చెప్పినవన్నీ నిజమయ్యాయా?"

ఆ పిల్ల నిజాయితీగా ఆలోచించింది. వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టుకుంది, మధ్యలో రెండు వేళ్ళు మళ్ళీ తెరిచింది.

"సగం అయ్యుంటాయి."

"ఏ సగం?"

"అది ఇప్పుడు ఎలా తెలుస్తుందమ్మా?"

బస్సు వచ్చింది. కూతురు ముందు ఎక్కి, వెనక్కి తిరిగి తల్లికి చెయ్యి అందించింది. ముక్కక్క అవసరం ఉందో లేదో ఒక్క క్షణం ఆలోచించి, పట్టుకుంది.